ఉప్పల్ రింగురోడ్డు నుంచి పెంబర్తి దాకా

వేసవి సెలవులంటే పిల్లలకు పండగ, తల్లులకు పరీక్ష. అవునో కాదో మీరే చెప్పండి! పొద్దున్న లేచింది మొదలు "అమ్మా, బోర్ కొడుతోంది" అనే మాట తప్ప ఇంకోటి వినపడదు. ఫోను చేతికిస్తే కళ్ళు పాడు, ఇవ్వకపోతే ఇల్లు పాడు. మా నాచారంలోనూ అదే తంతు. అలాంటి ఒక వేసవిలో, అటక మీద పడి ఉన్న ఓ గోనె సంచీ నన్ను ఎక్కడెక్కడికి తీసుకువెళ్ళిందో మీతో చెప్పుకోవాలనిపించి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు మా ఊరి సంగతి. ఊరంటే ఊరు కాదులెండి, హైదరాబాదుకు తూర్పున ఉప్పల్, దాని పక్కనే నాచారం. మేం 1984లో ఇక్కడికి వచ్చాం. అప్పుడు నాకు నాలుగేళ్ళు. నాచారం అంటే అప్పట్లో రెండే గుర్తులు. ఒకటి ఇండస్ట్రియల్ ఏరియా, రెండోది ఎన్.టి. రామారావుగారి రామకృష్ణా స్టూడియో. పొద్దున్నే షిఫ్టు సైరన్ మోగితే సైకిళ్ళ మీద టిఫిన్ డబ్బాలు తగిలించుకుని వందలమంది బారులు తీరేవాళ్ళు. ఆ బారులో మా నాయిన కూడా ఉండేవాడు. ఉప్పల్ అంటే మాకు వరంగల్ బస్సు ఎక్కే చోటు. అంతే.

ఇప్పుడు చూడండి. 2017లో మెట్రో వచ్చింది. 2023లో ఉప్పల్ చౌరస్తా మీద ఆకాశ వంతెన వచ్చింది. చిన్నప్పుడు మేం రోడ్డు దాటడానికి పావుగంట నిలబడ్డ చోట, ఇప్పుడు జనం తలల మీదుగా నడిచిపోతున్నారు. మూసీ ఒడ్డున భగాయత్‌లో 2019 నుంచి శిల్పారామం ఉంది. అన్నీ మారాయి. మారనిది ఒక్కటే, వరంగల్ బస్సు ఎక్కాలంటే ఇప్పటికీ ఉప్పల్ రింగురోడ్డుకే రావాలి.

మా నాయిన ఫ్యాక్టరీలో ఫిట్టరు. కానీ అసలు పని అది కాదు. ఆయనది జనగామ దగ్గరి పెంబర్తి. ఇత్తడి రేకు మీద నగిషీ పని చేసే విశ్వకర్మల ఊరు అది. ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువై, పని తక్కువై పట్నం వచ్చాడు. వారమంతా ఫ్యాక్టరీ, ఆదివారం మాత్రం వరండాలో కుంపటి రాజేసి కూర్చునేవాడు. ఏ గుడి వాళ్ళో అమ్మవారికి కవచం అడిగేవారు, ఎవరో ద్వారానికి తొడుగు అడిగేవారు. నేను కుంపటి విసిరేదాన్ని, లక్క కరిగించేదాన్ని, చింతపండుతో తోమి మెరుగు పెట్టేదాన్ని. ఉలి మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. "నువ్వు ఒకరింటికి పోయేదానివి, నీకెందుకు బిడ్డా" అనేవాడు. తమ్ముడికి నేర్పుదామని ఎంతో చూశాడు. వాడికి కంప్యూటరు మీద ఉన్న ఇది ఉలి మీద లేదు. ఇప్పుడు బెంగుళూరులో ఉన్నాడు, చల్లగా ఉన్నాడు, నేనేమీ తప్పు పట్టడం లేదు.

2016లో నాయిన పోయాడు. ఆయన ఉలులు, సుత్తులు, పటకారు అన్నీ ఒక గోనె సంచీలో మా అటక మీదికి చేరాయి. ఇల్లు సర్దినప్పుడల్లా మావారు, "ఈ ఇనుము ఎన్నాళ్ళు మోస్తావు? పాత సామాను వాడికి వేసేద్దాం, కిలోల లెక్కన వస్తుంది" అనేవారు. నేను "వచ్చే నెల చూద్దాం" అనేదాన్ని. అలా ఎనిమిదేళ్ళు గడిచాయి.

ఇలా ఉండగా 2024 వేసవిలో మా ఆడపడుచు కూతురు ఇంగ్లండు నుంచి ఫోను చేసింది. పోర్ట్స్‌మత్ దగ్గర ఉంటుంది. "అత్తమ్మా, ఆదివారం ఒక వింత చోటికి వెళ్ళొచ్చాం" అంటూ చెప్పుకొచ్చింది. దాని పేరు బట్సర్ పురాతన క్షేత్రమట. 1972లో మొదలుపెట్టారట. రెండు వేల ఏళ్ళ క్రితం అక్కడి కెల్టులు అనే జాతివాళ్ళు ఎలాంటి గుండ్రటి పూరిళ్ళలో ఉండేవారో అచ్చం అలాంటివే కట్టి పెట్టారు. వేసవి మొదట్లో ఉత్సవం చేస్తారు. స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు పాతకాలం బట్టలు కట్టుకుని కంచు పోత పోయడం, ఇనుము కాల్చి కొట్టడం, నేత నేయడం లాంటివి జనానికి చూపిస్తారు, పిల్లల చేత చేయిస్తారు. "మా వాడు రాగి రేకు మీద సుత్తితో ఏదో కొట్టుకొచ్చాడు అత్తమ్మా. అది చూడగానే తాతయ్య వరండా గుర్తొచ్చింది. నువ్వెందుకు చెయ్యకూడదు?" అంది.

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ మాటే చెవిలో ఉండిపోయింది. వాళ్ళు పోయినదాన్ని తవ్వి తీసి, బట్టలు కుట్టుకుని మరీ బతికిస్తున్నారు. మనకు ఇంకా బతికే ఉంది, అటక మీద పెట్టుకున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పింది. 1891లో డెన్మార్కులో పీట్ బురదలో ఒక పెద్ద వెండి గంగాళం దొరికిందట. గుండెస్ట్రప్ గంగాళం అంటారు. ఇప్పుడు కోపెన్‌హాగన్ మ్యూజియంలో ఉంది. తొమ్మిది కిలోల దాకా బరువు. దాని మీద కెల్టుల దేవుళ్ళ బొమ్మలున్నాయి. ఎలా చేశారనుకున్నారు? పలచటి వెండి రేకును వెనక నుంచి కొట్టి బొమ్మ ఉబికేలా చేసి, ముందు నుంచి గీతలు తేల్చారు. అచ్చం మా నాయిన పనే! పైగా ఒక పలక మీద అమ్మవారిలాంటి రూపం, అటూ ఇటూ ఏనుగులు. మన గజలక్ష్మిని తలపిస్తోందని కొందరు పండితులు రాశారు. ఆ గంగాళం ఎక్కడ తయారైందన్న మీద వాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ తగువు మనకెందుకు గానీ, ఫోనులో ఆ ఫోటో చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మా పూజగదిలో నాయిన చేసిన గజలక్ష్మి పలక ఉంది మరి.

సరే, మా కాలనీ హాల్లో ఏటా మే నెలలో పిల్లలకు వేసవి శిబిరం పెడతారు. డ్రాయింగు, డాన్సు, చెస్సు ఉంటాయి. వెళ్ళి, "నేను ఇత్తడి పని నేర్పుతాను, డబ్బులేమీ వద్దు" అన్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంటర్ చదివి ఇల్లు చూసుకునే మనిషి ఇత్తడి పనేమిటి అనుకుని ఉంటారు. మొత్తానికి ఒప్పుకున్నారు.

మొదటి రోజు జరిగిన భాగోతం దాచకుండా చెబుతాను, మీరు నవ్వినా ఫరవాలేదు. పద్దెనిమిది మంది పిల్లలు. నాయిన చేసినట్టే చేద్దామని గుగ్గిలం, మెత్తగా జల్లించిన ఇటుక పొడి, కాస్త నూనె కలిపి స్టవ్ మీద లక్క కాచాను. మే నెల ఎండ. మంట ఆరుతుందని ఫ్యాన్లు ఆపాను. పొగ కమ్మేసింది. వాచ్‌మన్ నీళ్ళ బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు. సగంమంది పిల్లలు చెస్సు గదిలోకి జారుకున్నారు. అంతటితో అయినా బాగుండేది. ఆరో క్లాసు పాప ఒకతి, రేకు అతుక్కుందో లేదో అని వేలు పెట్టి చూసింది. చురుక్కుమంది, బొబ్బ లేచింది.

ఎవరో టూత్‌పేస్టు తెచ్చారు. అది పూయకండి, ఎప్పుడూ పూయకండి. చెయ్యి కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టించాను, నొప్పి తగ్గింది. కానీ వాళ్ళమ్మ వచ్చి, "చేతకాని పని నెత్తికెత్తుకుని మా పిల్ల చెయ్యి కాల్చారు" అంది. నేనేం మాట్లాడలేదు. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. తప్పు నాదే. సాయంత్రం సంచీ మళ్ళీ అటక మీద పెట్టేశాను. మావారు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

రాత్రి నిద్ర పట్టలేదు. నిజం చెప్పాలంటే, నాకు ఎవరూ ఈ పని నేర్పలేదు. చూసి తెలుసుకున్నాను. చూసి తెలుసుకున్నది ఇంకొకరికి నేర్పేటంతటి విద్య అవుతుందా? ఆ ప్రశ్నకు జవాబు నాచారంలో దొరకదు. తెల్లారి అన్నం కూర వండి మూత పెట్టి, సంచీ దింపుకుని, ఉప్పల్ రింగురోడ్డుకు ఆటో ఎక్కాను.

ఉప్పల్ నుంచి పెంబర్తి డెబ్బై అయిదు కిలోమీటర్లు ఉంటుందేమో. బస్సులో రెండు గంటలు వేసుకోండి. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక ఎక్స్‌ప్రెస్సుల్లో మనకు టికెట్టు లేదు. ఆధార్ కార్డు మాత్రం మరవకండి. బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి దాటేదాకా ట్రాఫిక్కే. 2018లో మొదలైన ఫ్లైఓవర్ పనుల దుమ్ము ఈ రోడ్డున తిరిగేవాళ్ళందరం ఏళ్ళ తరబడి తిన్నాం. ఘట్‌కేసర్ దాటాక గాలి మారుతుంది. బీబీనగర్ తరువాత ఎడమ పక్కనో కుడి పక్కనో కళ్ళు పెట్టి చూస్తుండండి, భువనగిరి గుట్ట కనిపిస్తుంది. ఒకే రాతి గుట్ట, దాని మీద కోట! చాళుక్య రాజు త్రిభువనమల్లుడి పేరు మీద ఆ ఊరికి త్రిభువనగిరి అని పేరొచ్చిందంటారు. రాయగిరి దగ్గర సగం బస్సు యాదగిరిగుట్టకు దిగిపోతుంది. కొత్తగా కట్టిన ఆ గుడి 2022 మార్చిలో తెరిచారు, మీకు తెలిసిందే. తరువాత ఆలేరు. కొలనుపాక జైన మందిరానికి దారి అక్కడే. ఆలేరు దాటిందంటే పెంబర్తి వచ్చినట్టే.

మా చిన్నాయన ఇల్లు హైవేకు దగ్గరే. వీధిలోకి తిరగగానే చెవులకు తెలిసిపోతుంది, టక్ టక్ టక్ టక్ అని. చిన్నప్పుడు ఆ చప్పుడు ఇంటింటా వినిపించేది. ఇప్పుడు కొన్ని ఇళ్ళలోనే.

ఈ ఊరి పని ఇవాళ్టిది కాదు. కాకతీయుల కాలంలో గుళ్ళకూ రథాలకూ ఇత్తడి తొడుగులు చేసేవారని చెబుతారు. ఆ రాజ్యం పోయాక పని దెబ్బతింది. నిజాముల కాలంలో మళ్ళీ పుంజుకుంది. కాకపోతే దేవుడి కవచాలతో పాటు పాన్‌దాన్లు, అత్తరుదాన్లు, వేలాడే దీపాలు కూడా చేతికొచ్చాయి. గిరాకీ ఎటు పోతే సుత్తి అటు పోయింది. ఇప్పుడు దీనికి భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ. ఉంది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ దేశంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పెంబర్తినీ చేర్చింది. వినడానికి ఎంత బాగుందో!

చిన్నాయన వరండాలో కూర్చుని ఒక ద్వారం తొడుగు మీద తీగ చెక్కుతున్నాడు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. "బాగున్నవా బిడ్డా" అన్నాడు గానీ చెయ్యి ఆపలేదు. చిన్నమ్మ చాయ్ పెట్టింది. చాయ్ తాగుతూ జరిగిందంతా చెప్పాను.

"నీకెవలు నేర్పిండ్రు?" అన్నాడు.

"ఎవలు నేర్పలే చిన్నాయనా. చూసి నేర్చుకున్న."

సుత్తి, ఉలి నా ముందుకు జరిపి, "ఒక తామర రేకు చెక్కు" అన్నాడు. చెమటలు పట్టాయి. నలభై నాలుగేళ్ళ మనిషిని, పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది, పదో తరగతి పరీక్ష రాస్తున్నట్టు అనిపించింది. చెక్కాను. ఆయన పలక అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీత మంచిగనే ఉన్నది. పట్టుడు తప్పు. ఉలిని గట్టిగ పట్టి దాని పానం తీస్తున్నవు. వేలు మీద ఆనియ్యి, అదే నడుస్తది." ఇంకో రేకు చెక్కించాడు. ఇంకోటి. అలా మధ్యాహ్నం దాకా పదకొండు రేకులు. చివరిది మాత్రం చూసి ఏమీ అనలేదు. అన్నం పెట్టమని చిన్నమ్మను కేకేశాడు. మా వంశంలో మెచ్చుకోలు అంటే అదే!

తింటూ అన్నాడు: "పిల్లలకు లక్క ఎందుకు పెట్టినవ్? మేము సుత ఫస్టు సంవత్సరం నిప్పు ముట్టనియ్యం. ముందు చెయ్యి, ఆఖరుకు నిప్పు. మీ నాయిన నీకు ఉలటా నేర్పిండు, ముందు నిప్పు ఇచ్చిండు, ఉలి ఇయ్యలే. ఆడపిల్లవని. గప్పుడు మాకు గంతే తెలుసు." కాసేపాగి, "ఇప్పుడు మా మనుమడు సుత ముడుతలేడు. ఆటో నడుపుతడు. రోజు పైసలు కనబడుతయి గదా" అన్నాడు. కోపంగా అనలేదు. ఎండ ఎక్కువైందన్నంత మామూలుగా అన్నాడు. ఇత్తడి ధర పెరిగిందని, మిషను మీద అచ్చు గుద్దిన రేకులు చవగ్గా వస్తున్నాయని, కళ్ళు కనబడటం లేదని వరసగా చెప్పుకొచ్చాడు.

ఆ రోజు ఆయన చెప్పినవి మీకూ చెబుతాను, వంటింటి భాషలోనే. రేకును కొట్టేకొద్దీ అది బిగుసుకుపోతుంది, మొండికేస్తుంది. అలాగే కొడితే పగులుతుంది. అందుకని మధ్యమధ్యలో ఎర్రగా కాల్చి చల్లారనిస్తారు. మెత్తబడుతుంది. చపాతీ పిండి లాగే అన్నమాట! కలిపిన వెంటనే ఒత్తితే వెనక్కి ముడుచుకుంటుంది. అరగంట నాననిస్తే మాట వింటుంది. ఇక లక్క ఎందుకంటే, అది రేకుకు పరుపు. ఉత్త రాతి మీద పెట్టి కొడితే రేకు నలుగుతుంది. మరీ మెత్తటి దాని మీద పెడితే బొమ్మ నిలవదు. లక్క దెబ్బకు కొంచెం లొంగుతుంది, కొంచెం ఆపుతుంది. ముందు వెనక నుంచి కొట్టి బొమ్మను ఉబ్బిస్తారు. తరువాత కాచి ఊడదీసి, తిరగేసి అతికించి, ముందు నుంచి కళ్ళు, ముక్కు, ఆకు ఈనెలు తేలుస్తారు. చివర చింతపండుతో తోమి మెరుగు. ఒక చిన్న పలకకే ఇంత ఉంది.

మన దగ్గర ఇంకో రకం లోహపు పని కూడా ఉంది. ఆసిఫాబాద్ జిల్లా జైనూరు వైపు ఉషేగాఁవ్‌లో ఓజాలు చేసే డోక్రా. అది రేకు పని కాదు, పోత పని. తేనె మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. మొహెంజొదారోలో 1926లో దొరికిన నాట్యగత్తె బొమ్మ కూడా ఈ పద్ధతిలోనే పోసిందట. 10 సెంటీమీటర్లు దాటిన బొమ్మ, నాలుగు వేల ఏళ్ళకు పైబడిన వయసు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జి.ఐ. వచ్చింది. కెల్టుల పని చూడటానికి ఎగిరి వెళ్ళనక్కర్లేదు, బస్సెక్కితే చాలు అనిపించింది నాకు.

సాయంత్రం బయలుదేరుతుంటే చిన్నాయన ఒక ఉలి తీసి నా సంచీలో వేశాడు. "ఇది మీ నాయినదే. పట్నం పోయేటప్పుడు నాకిచ్చి పోయిండు" అన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దాన్ని పట్టుకునే వచ్చాను. పక్కనావిడ ఏమనుకుందో ఏమో, కాస్త జరిగి కూర్చుంది!

మర్నాడు ఆ పాప వాళ్ళింటికి వెళ్ళాను. క్షమించమని అడిగాను. "ఈసారి నిప్పు ఉండదు, మీరు కూడా వచ్చి పక్కన కూర్చోండి" అన్నాను. ఆవిడ తలుపు పట్టుకునే వింది. సరే అనలేదు, కాదనలేదు.

నాలుగో రోజు తల్లీకూతుళ్ళు ఇద్దరూ వచ్చారు. పాప పని మొదలుపెట్టింది. ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుని కాపలా కాసింది. అరగంట తరువాత చూద్దును కదా, ఆవిడ కొంగు నడుముకు చుట్టుకుని ఇంకో రేకు ముక్క తీసుకుని ముగ్గు గీస్తోంది! ఏడు చుక్కల ముగ్గు, చెయ్యి ఎక్కడా వణకలేదు. వణకదు కూడా. రోజూ వాకిట్లో గీసే చెయ్యి కదా. అప్పుడు తట్టింది నాకు, మన ఆడవాళ్ళ చేతికి సగం పని వచ్చే ఉందని. మిగిలిన సగమే నేర్పాలి. శిబిరం అయ్యేసరికి పిల్లలు పద్నాలుగు, తల్లులు అయిదుగురు.

మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. ఎలాగో చెబుతాను.

36 గేజ్ రాగి లేదా ఇత్తడి రేకు కొనండి. ఇది పోస్టుకార్డు కన్నా పలచగా ఉంటుంది. పాత కత్తెరతో అరచేతి అంత ముక్క కత్తిరించి, అంచులు చెయ్యి కోయకుండా నాలుగు వైపులా సన్నగా మడవండి. పిల్లల చేత కత్తిరించకండి, ఆ పని మీరు చేసి పెట్టండి. పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి దాని మీద రేకు పెట్టండి, మన లక్క అదే! బొమ్మ గీసిన కాగితాన్ని రేకు మీద టేపుతో అతికించి, రీఫిల్లు అయిపోయిన బాల్‌పెన్నుతో నొక్కి గీయండి. కాగితం తీసేసి రేకును తిరగేయండి. ఉబకాల్సిన చోట గుండ్రటి మొన ఉన్న పుల్లతోనో, చెంచా కాడ చివరతోనో నెమ్మదిగా రుద్దండి. తొందరపడితే చిరుగుతుంది. మళ్ళీ ముందుకు తిప్పి, గట్టి అట్ట మీద పెట్టి బొమ్మ చుట్టూ అణచండి. అలా రెండు మూడుసార్లు అటూ ఇటూ చేస్తే బొమ్మ పైకి లేస్తుంది. వెనక గుంటల్లో కరిగించిన కొవ్వొత్తి మైనం నింపితే తరువాత నొక్కుకుపోదు. ఆ మైనం పని మాత్రం పెద్దవాళ్ళదే.

చింతపండు, ఉప్పుతో తోమి, కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. తడి ఉంటే మచ్చలు పడతాయి. గీతలు బాగా కనబడాలంటే నల్ల బూటు పాలిష్ కొద్దిగా రాసి, పైపైన గుడ్డతో తుడిచేయండి. లోతుల్లో నలుపు నిలిచి, ఉబికిన చోటు మెరుస్తుంది. పాత ఫోటో ఫ్రేములో బిగిస్తే గృహప్రవేశానికి ఇచ్చే కానుక తయారు. సుత్తీ ఉలీ, లక్కా నిప్పూ ఇవన్నీ తరువాత. ముందు చెయ్యి, ఆఖరుకు నిప్పు.

2025 వేసవిలో కూడా శిబిరం పెట్టాం. ఈసారి పెద్ద పిల్లలు నలుగురికి ఉలి ఇచ్చాను. వాళ్ళలో వేలు కాలిన పాప కూడా ఉంది. ఇంకా చిన్నదే గానీ, అడిగింది, కాదనలేకపోయాను. నాయిన ఉలి చేతికిచ్చి, "గట్టిగా పట్టకు, వేలు మీద ఆనించు, అదే నడుస్తుంది" అన్నాను. చిన్నాయన మాట నా నోట వచ్చింది. ఆఖరి రోజున పిల్లలందరినీ ఉప్పల్ శిల్పారామానికి తీసుకువెళ్ళాం. ఒక దుకాణంలో ఇత్తడి పలక ముందు నిలబడి ఆ పాప, "ఆంటీ, ఇది చేత్తో చేసింది కాదు, అన్ని రేకులూ ఒక్కలాగే ఉన్నాయి" అంది. దుకాణం అతను నవ్వి, చేత్తో చేసినది లోపలి నుంచి తెచ్చి చూపించాడు.

పెంబర్తిలో ఈ పని నిలుస్తుందా అంటే నేను చెప్పలేను. వారానికి రెండు గంటలు నేర్చుకున్న పిల్లలు పనివాళ్ళయిపోరు, నాకు తెలుసు. కానీ ఆ పాప పెద్దయి ఇల్లు కట్టుకుంటే ద్వారానికి మిషను రేకు కొనదు. తేడా తెలిసిన మనిషి కొంటుంది, ధర ఎందుకు ఎక్కువో అడగదు. పనివాడికి కావలసింది శాలువాలు కాదు, అలాంటి నలుగురు మనుషులు.

మీరు వరంగల్ వైపు పెళ్ళికో, యాదగిరిగుట్టకో వెళ్ళినప్పుడు ఇంకొంచెం ముందుకు వెళ్ళి పెంబర్తిలో దిగండి. అన్ని బస్సులూ ఆగవు, ఎక్కేటప్పుడే కండక్టర్ని అడగండి. లేకపోతే జనగామలో దిగి ఆటోలో వెనక్కి రండి. ఏదీ కొనకపోయినా ఫరవాలేదు, వరండాలో కాసేపు కూర్చుని ఆ టక్ టక్ వినండి. బేరం మాత్రం ఎక్కువ ఆడకండి.

అన్నట్టు, ఆ గోనె సంచీ ఇప్పుడు అటక మీద లేదు. వంటింటి అలమరలో, పప్పు డబ్బాల కింది అరలో ఉంది. మావారు కొత్త బట్టతో సంచీ కుట్టించి తెచ్చారు. పాత సామాను వాడు వీధిలో కేకేస్తే, ఆయనే ముందు వెళ్ళి "ఏమీ లేవు పో" అంటున్నారు!